కిడ్నీ రాయికి స్కానింగా, సీటీయా?

ఎండలు ముదిరాయంటే ఒడిశాలోని బరంపురంలో మా స్కాన్ సెంటర్‌కి పక్కనొప్పితో వచ్చేవాళ్లు పెరుగుతారు. నేను తెలుగులో మాట్లాడటం విన్నవాళ్లు బల్ల ఎక్కేముందు మెల్లగా అడిగేది ఒకటే: "మామూలు స్కానింగ్ చాలదామ్మా? సీటీ అంటే రేడియేషన్ కదా?"

స్కానింగ్‌లో, అంటే అల్ట్రాసౌండ్‌లో, రేడియేషన్ అసలు లేదు. కిడ్నీలో రాయి ఉందా, కిడ్నీ వాచిందా అన్నది దాంతో చాలావరకు తెలుస్తుంది, మరీ చిన్న రాళ్లు తప్పిపోవచ్చు. చిక్కల్లా రాయి జారి మూత్రనాళం మధ్యలో ఇరుక్కున్నప్పుడే. పేగుల్లో గాలి అడ్డొచ్చి చాలాసార్లు కనబడదు. ఎక్స్‌రేలతోనే పొట్టను పొరలు పొరలుగా బొమ్మ తీసే సీటీకి ఆ బాధ లేదు. రాయి ఎక్కడుందో, ఎన్ని మిల్లీమీటర్లుందో చూపిస్తుంది. ఎక్స్‌రే చౌకే గానీ యూరిక్ యాసిడ్ రాళ్లు అందులో పడవు. ఎమ్మారై ఈ పనికి దండగ.

డోసు సంగతికొస్తే, మామూలుగా తీసే పొట్ట సీటీకి 8 నుంచి 10 మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్‌కి కొలత). రాళ్ల కోసమే తక్కువ డోసులో తీస్తే 3 దాకా. ఏమీ తీయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ అందుతుంది. మన ఛత్రపురం తీరంలో సహజంగానే రేడియేషన్ వెలువరించే మోనజైట్ ఇసుక ఉన్నచోట ఇంకా ఎక్కువే. కాబట్టి ఒక్క సీటీకి హడలిపోనక్కర్లేదు.

నా భయమంతా రెండోదాని గురించే. ఆమధ్య ఒక పెద్దాయన ఇక్కడ సీటీ తీయించుకుని, రిపోర్టు కాగితం ఒక్కటే జేబులో పెట్టుకుని విశాఖ రైలెక్కారు. అక్కడి డాక్టరు బొమ్మలు చూడాలన్నారట. సీడీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. అదే రాయికి పది రోజుల్లో రెండో సీటీ!

అందుకే నా ఓటు ముందు స్కానింగ్‌కే. అందులో తేలకపోతేనో, ఆపరేషన్ మాట వస్తేనో సీటీ. అదీ తక్కువ డోసులో కుదురుతుందా అని అడగండి. రాయి పడిపోయిందో లేదో తర్వాత చూసుకోవడానికి చాలామందికి స్కానింగే సరిపోతుంది. గర్భిణులైతే ఆ మాట అందరికంటే ముందు చెప్పాలి. నొప్పితోపాటు చలిజ్వరం ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరు ఏది రాస్తే అది వెంటనే తీయించుకోండి.

ఆ పెద్దాయన మొన్న మళ్లీ వచ్చారు. ఈసారి రెండు సీడీలూ తువ్వాల్లో చుట్టి తెచ్చారు. డాక్టరుగారు పాత బొమ్మలు చూసి, స్కానింగ్‌తోనే పంపేశారు.