వెనిస్‌లో చివరి డోజ్ మనీన్ జాడలు: ఏ స్టాపులో దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

డోజ్ అంటే వెనిస్ గణతంత్రానికి ఎన్నికైన అధినేత. డోజ్ ప్యాలెస్‌లో కనిపించేదంతా వెనిస్ వైభవమే. సముద్ర వ్యాపారంతో బతికిన ఆ గణతంత్రం ఎలా కూలిందో తెలియాలంటే 120వ డోజ్, ఆఖరివాడు లూదోవికో మనీన్ తిరిగిన చోట్లకు వెళ్లాలి. ఊళ్లో రెండు రోజులు, ఆయన కుటుంబ విల్లా ఉన్న పస్సరియానోకి ఒక రోజు పెట్టుకోండి.

ముందటి డోజ్ పావొలో రెనియెర్ 1789 ఫిబ్రవరి 13న పోతే, కార్నివాల్ పాడవుతుందని మార్చి 2 దాకా బయటపెట్టలేదు. ఓడల సంపాదన తగ్గిన ఊరికి అప్పటికే పండగ చూడవచ్చే జనమే ముఖ్యం అన్నమాట. మార్చి 9న మనీన్‌ను ఎన్నుకున్నారు. వీళ్లది వెనిస్‌కు ఈశాన్యాన ఉన్న ఫ్రియూలి ప్రాంతపు కుటుంబం. 1651లో టర్కులతో క్రీట్ యుద్ధం ఖర్చులకు లక్ష డకట్లు (వెనిస్ నాణేలు) కట్టి ప్రభువర్గంలో చేరింది. డబ్బుతో కొనుక్కున్న హోదా అనే చిన్నచూపు పాత కుటుంబాలకు పోలేదు.

ప్యాలెస్‌కు సాన్ జక్కారియా పడవ స్టాపులో దిగి, తలుపులు తీయగానే లోపలికి వెళ్లండి. పెద్ద బ్యాగులు రానివ్వరు. మహాసభ హాలు 53 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. ఫ్రెంచి సేనాని నెపోలియన్ బెదిరింపుకు లొంగాలా అని తేల్చడానికి 1797 మే 12న ప్రభువర్గపు మహాసభ ఇక్కడ కూడింది. కోరం 600 అయితే వచ్చింది 537 మంది. ఊరు వదిలి వెళ్తున్న వెనిస్ కొలువులోని డాల్మేషియన్ సైనికులు వీడ్కోలుగా పేల్చిన తుపాకుల మోత విని సభ్యులు తిరుగుబాటు అనుకున్నారు. 512 ఓట్లతో తమ రాజ్యాన్ని తామే రద్దు చేసుకుని లేచి వెళ్లిపోయారు. జైలు గదులు తిప్పి చూపే ‘రహస్య మార్గాల’ టూర్ సరదాగానే ఉంటుంది కానీ, ఈ కథకు దాంతో పని లేదు. అదే టికెట్‌తో కొర్రేర్ మ్యూజియం కూడా చూడొచ్చు, రద్దీ చాలా తక్కువ. ఈ మ్యూజియంకు మీరు ఎక్కే మెట్లున్న భవనం కోసం ఫ్రెంచివాళ్లు 1807లో సాన్ జెమినియానో చర్చిని పడగొట్టారు.

నౌకా మ్యూజియం ఆర్సెనాలే స్టాపు దగ్గర. డోజ్ ఊరేగింపు నౌక బుచింతోరో నమూనా ఇక్కడుంది. అసలు నౌక బంగారపు పూతను 1798 జనవరిలో ఫ్రెంచివాళ్లు ఒలిచి తగలబెట్టారు. 1792లో చనిపోయిన ఆఖరి గొప్ప నౌకాధిపతి ఆంజెలో ఎమోకు శిల్పి కనోవా చెక్కిన స్మారకమూ ఇక్కడే. గొండోలా షికారు డబ్బు మిగుల్చుకుని ఇక్కడికి రండి. తెరిచే వేళలు ముందే చూసుకోవాలి.

మనీన్ సమాధి రైల్వే స్టేషన్ పక్కనే స్కాల్జి చర్చిలో. రాతిపలక మీద రెండే మాటలు: ‘మనీని చినెరెస్’, అంటే మనీన్ బూడిద. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఉదయమే వెళ్లాలి. అక్కడి నుంచి 1వ నంబరు పడవలో ఎడమవైపు కూర్చుంటే, రియాల్తో వంతెన దాటగానే ఆయన భవంతి కనిపిస్తుంది. ఇప్పుడది బ్యాంక్ ఆఫ్ ఇటలీ, బయటి నుంచే చూడాలి. కాంపో మనీన్‌కు మాత్రం ఈయన కోసమని పోకండి. ఆ చౌకు 1848 తిరుగుబాటు నాయకుడు దానియేలే మనీన్‌ది.

పడవ టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు, 24 గంటలకు 25. మూడుసార్లు ఎక్కితే రోజు పాస్ లాభం. పాస్ ఉన్నా ఎక్కిన ప్రతిసారీ మెషీన్‌కు తాకించాలి, మరిస్తే జరిమానా. విమానాశ్రయం పడవకు ఈ పాస్ చెల్లదు.

బస కన్నారెజో పేటలో, పెద్ద కాలువకు స్టేషన్ ఉన్న ఒడ్డునే తీసుకోండి. అవతలి ఒడ్డు హోటల్ చౌకగా దొరికినా, సూట్‌కేసులతో వంతెన మెట్లు ఎక్కి దిగాలి. నీళ్లకు ఇవతల నేల మీదున్న మెస్త్రేలో అద్దె తక్కువ, రైల్లో పది నిమిషాలు. రైలు కాగితం టికెట్‌పై ఎక్కేముందు ముద్ర వేయించుకోవాలి. కొన్ని తేదీల్లో పగటి సందర్శకులకు ప్రవేశ రుసుము ఉంటుంది. మెస్త్రేలో బస చేసినా మినహాయింపే కానీ, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

పస్సరియానోకి ఊదినె వెళ్లే రైల్లో కొద్రోయిపో దగ్గర దిగాలి. అక్కడి నుంచి మూడు, నాలుగు కిలోమీటర్లు. టాక్సీ ముందే మాట్లాడుకోండి. ఇక్కడి విల్లా అప్పట్లో మనీన్ల సొంతం. గద్దె దిగిన డోజ్ కుటుంబం ఇంట్లోనే మకాం వేసి, నెపోలియన్ 1797 అక్టోబరు 17 ఒప్పందంతో వెనిస్‌ను ఆస్ట్రియాకు ఇచ్చేశాడు. గదులు ఎప్పుడూ అన్నీ తెరిచి ఉండవు. ఏవి తెరిచారో కనుక్కోకుండా రైలెక్కితే చూసేది తోటే.