పాత ఎమ్‌జీబీ రెగ్యులేటర్: సరిచేయడం మేలా, మార్చడం మేలా?

1962 నుంచి 1967 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన తొలి ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కార్లలో బ్యాటరీని ఛార్జి చేసేది లూకాస్ డైనమో, దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ఆర్‌బీ 340 అనే కంట్రోల్ బాక్సు. మన పాత అంబాసిడర్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉండేది, మెకానిక్కులు ఆ పెట్టెను కటౌట్ అని పిలిచేవారు. ఛార్జింగ్ తేడా చేసినప్పుడు యజమాని ముందు మూడు దారులుంటాయి: ఉన్న పెట్టెనే సరిచేయడం, దాని స్థానంలో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టడం, డైనమోనే తీసేసి ఆల్టర్నేటర్ బిగించడం. ఎక్కువమందికి మొదటిదే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే ఫ్యాన్ బెల్టు బిగువు, డైనమో బ్రష్షులు, పెట్టెకు వచ్చే ఎర్త్ తీగ బాగున్నాయని తేలేదాకా పెట్టె మూత తీయకూడదు, ఎందుకంటే వీటిలో ఏ లోపమున్నా నింద రెగ్యులేటర్ మీదే పడుతుంది.

ఆ పెట్టెలో మూడు కాయిల్స్ ఉంటాయి: ఒకటి వోల్టేజీని, ఒకటి కరెంటును అదుపు చేస్తే, మూడోదైన కటౌట్ ఇంజన్ ఆగినప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా ఆపుతుంది. వోల్టేజీని చూడాలంటే కటౌట్ కాంటాక్టుల మధ్య చిన్న కాగితం ముక్క దూర్చి, వోల్ట్‌మీటరును పెట్టె మీది డి టెర్మినల్‌కూ ఎర్త్‌కూ (కారు బాడీకి) తగిలించి, ఇంజన్ వేగాన్ని నెమ్మదిగా పెంచాలి. పైకి ఎక్కుతున్న ముల్లు ఒక్కసారి అదిరి, ఆ తరువాత కదలకుండా నిలబడుతుంది. అది నిలిచిన చోటే అసలు రీడింగు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద అది 14.7 నుంచి 15.3 వోల్టుల మధ్య, 40 డిగ్రీల వద్ద 14.3 నుంచి 14.9 మధ్య ఉండాలి. తేడా ఉంటే కాయిల్ దగ్గరున్న కామ్‌ను (సెట్టింగు మార్చే చిన్న చక్రాన్ని) పళ్లున్న ప్రత్యేక పనిముట్టుతో కొద్దికొద్దిగా తిప్పాలి. ఇదంతా అర నిమిషంలో ముగించాలి, లేకపోతే కాయిల్ వేడెక్కి రీడింగు తప్పుతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఈ పనికి ఖర్చు దాదాపు లేదు, కావలసిందల్లా ఓపిక, నమ్మదగిన మీటరు.

కాంటాక్టులు బాగా కాలి గుంటలు పడితే మాత్రం ఎంత తిప్పినా సెట్టింగు నిలవదు. అప్పుడు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ సరైన ఎంపిక. పాత పెట్టె రూపంలోనే దొరుకుతుంది కాబట్టి కారు అందం చెడదు, అరిగే కాంటాక్టులు ఉండవు. కానీ ఈ కార్లు పాజిటివ్ ఎర్త్‌వి, అంటే బ్యాటరీ ప్లస్ కొస కారు బాడీకి కలిసి ఉంటుంది గనుక, దానికి సరిపోయే రకమే కొనాలి. ఎర్త్ తప్పితే లోపలి భాగాలు కాలిపోవచ్చు. పైగా డైనమో పరిమితి అలాగే ఉంటుంది: గరిష్ఠంగా 22 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో ఛార్జింగ్ దాదాపు సున్నా.

ఆ పరిమితిని దాటించేది ఆల్టర్నేటర్ ఒక్కటే. 16ఏసీఆర్ రకం 34 ఆంపియర్ల దాకా ఇస్తుంది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఛార్జి చేస్తుంది. ఎమ్‌జీ వారే 1967 చివరలో వచ్చిన మార్క్ 2లో ఆల్టర్నేటర్‌కూ నెగటివ్ ఎర్త్‌కూ మారారు. పాత కారులో ఆ మార్పు చేయాలంటే సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీల కనెక్షన్లు తిరగేయాలి, ఇగ్నిషన్ కాయిల్ తీగలు రెంటినీ అటూ ఇటూ మార్చాలి, ఇంజన్ వేగం చూపే ఎలక్ట్రానిక్ టాకోమీటరు ఉంటే దాని లోపలి వైరింగునూ సవరించాలి. రాత్రి వానలో, నగరపు రద్దీలో హెడ్‌లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాను వేసుకుని రోజూ తిరిగేవారికి ఈ శ్రమ తగినదే. ఆదివారం పగటిపూట మాత్రమే బయటికి తీసే కారుకైతే సరిగ్గా సెట్ చేసిన ఆర్‌బీ 340 చాలు.