డిస్కు మీద బిట్లు: సాదా బిట్‌మ్యాపా, సంఖ్యల జాబితానా, రోరింగా?

ఏ ఖాతాలకు మెసేజ్ వెళ్లింది, ఏ రికార్డులు చెరిపేశాం, ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయి? ఇలాంటివన్నీ డిస్కులో దాచుకోవాల్సి వచ్చినప్పుడు అడిగేది ఒకటే: ఈ సంఖ్య సమితిలో ఉందా, లేదా? దీనికి ఏ రూపం ఎంచుకోవాలన్న చర్చ వస్తే చాలామంది ముందుగా చూసేది ఏది తక్కువ చోటు పడుతుందని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ఫైలు రాసేశాక అందులోని బిట్లు మారుతూ ఉంటాయా, లేక చదువుకోవడమేనా? ముందు ఇది తేలాలి. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

సాదా బిట్‌మ్యాప్‌తో మొదలుపెడదాం. ఒక్కో సంఖ్యకు ఒక్కో బిట్: సమితిలో ఉంటే 1, లేకపోతే 0. 10 కోట్ల ఖాతాలకు ఒక్కో బిట్ చొప్పున వేస్తే 12.5 ఎంబీ. 32 బిట్ల సంఖ్యలన్నిటికీ చోటిచ్చినా 512 ఎంబీ దాటదు. ఫలానా బిట్ ఎక్కడుందో వెతకక్కర్లేదు. సంఖ్యను 8తో భాగిస్తే భాగఫలం బైట్ స్థానం, శేషం ఆ బైట్‌లో బిట్ స్థానం. మార్చాలంటే ఆ బిట్ ఉన్న 4 కేబీ పేజీ ఒక్కటి తిరిగి రాస్తే చాలు. ఫైలు సైజు మారదు, పక్కనున్న డేటా కదలదు.

దీని అసలు బలం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. మార్పులను ముందు లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, రాసుకుంటున్నాం అనుకోండి. "57వ బిట్‌ను 1 చెయ్యి" అన్న వాక్యాన్ని ఒకసారి అమలు చేసినా పదిసార్లు అమలు చేసినా ఫలితం ఒక్కటే. మెషీన్ లేచాక లాగ్‌ను మొదటి నుంచీ వరసలో నడిపించినా నష్టం లేదు. అందుకే లాగ్‌లో "57వ బిట్‌ను తిప్పు" (0 అయితే 1, 1 అయితే 0 చెయ్యి) అని మాత్రం ఎప్పుడూ రాయకూడదు. రెండుసార్లు నడిస్తే సమితి తప్పవుతుంది, పైగా ఆ తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం చాలా కష్టం.

జాగ్రత్తలు లేకపోలేదు. రెండు థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే భాగాలు) ఒకే బైట్‌లోని వేర్వేరు బిట్లను ఒకేసారి మారిస్తే ఒక మార్పు పోవచ్చు. మధ్యలో ఇంకొకరు దూరకుండా ఒకే దెబ్బలో బిట్‌ను మార్చే అటామిక్ ఆర్ లాంటి ఆదేశం గానీ, లాక్ గానీ ఉండాల్సిందే. వేగం కోసం 64 బిట్ల పదాలుగా రాస్తే బైట్ల వరస మెషీన్‌ను బట్టి మారుతుంది కాబట్టి, ఫైల్లో వరస లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైట్ ముందు) అని మొదట్లోనే స్థిరపరచుకోవాలి. ఫైలును మెమరీలా చూపించే ఎంమ్యాప్‌తో మ్యాప్ చేసుకుని రాయడం హాయిగానే ఉంటుంది. కానీ ఏ పేజీ ఎప్పుడు డిస్కుకు చేరుతుందో నిర్ణయించేది కెర్నెల్. ముందు లాగ్, తర్వాత బిట్‌మ్యాప్ అన్న క్రమం మీకు ముఖ్యమైతే, రైట్, ఎఫ్‌సింక్‌లతో (రాసింది డిస్కుకు చేరేదాకా ఆగే పిలుపు) నడవడమే మంచిది.

ఎన్ని బిట్లు 1గా ఉన్నాయో లెక్కపెట్టాలంటే మొత్తం ఫైలు చదవాలి. దీనికి లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 చేసే పని చూడండి. అది డిస్కును గ్రూపులుగా విడదీస్తుంది. 4 కేబీ బ్లాకులతో ఒక గ్రూపుకు ఒక బిట్‌మ్యాప్ బ్లాకు, అంటే 32,768 బిట్లు, అంటే 128 ఎంబీ డిస్కు. ఆ గ్రూపులో ఎన్ని బ్లాకులు ఖాళీయో విడిగా గ్రూపు డిస్క్రిప్టర్‌లో (ఆ గ్రూపు వివరాల రికార్డులో) ఉంచుకుంటుంది. డేటా చెడిందో లేదో తేల్చే చెక్‌సమ్‌లు పెట్టుకుంటే బిట్‌మ్యాప్ చెక్‌సమ్ కూడా అక్కడే. సొంతంగా బిట్‌మ్యాప్ రాసుకునేవాళ్లు ఈ రెండూ అరువు తెచ్చుకోవాలని గట్టిగా చెబుతాను.

1గా ఉన్న బిట్లు మరీ పలచగా ఉంటే ఫైల్లో రంధ్రాలు వదిలేయొచ్చు, సున్నాలు డిస్కులో చోటు పట్టవు. అయితే ప్రతి 32,768 బిట్లలో ఒక్కటి 1 అయినా చాలు, ఆ 4 కేబీ బ్లాకు వచ్చి కూర్చుంటుంది.

అలాంటి పలచటి సమితులకు క్రమంలో పేర్చిన సంఖ్యల జాబితా నయం. ఒక్కో సంఖ్యకు 4 బైట్లు, అంటే 32 బిట్లు. కాబట్టి 32లో ఒకటి కన్నా తక్కువ సంఖ్యలు సమితిలో ఉంటే జాబితాయే చిన్నది. వెయ్యి సంఖ్యలంటే దాదాపు ఒక పేజీ. అంతకే అయితే ఇంకేమీ ఆలోచించొద్దు, ఇదే వాడండి. సంఖ్యలకు బదులు పక్కపక్క సంఖ్యల తేడాలు దాస్తే ఇంకా కుదించుకుపోతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.4 నుంచి జిన్ అనే తన ఇండెక్సుల్లో చేస్తున్నది ఇదే. కాకపోతే మధ్యలో ఒక సంఖ్య చేర్చాలంటే తర్వాతవన్నీ జరపాలి.

రోరింగ్ అనే కుదించిన బిట్‌మ్యాప్ రూపం ఈ రెండిటినీ కలిపింది. 32 బిట్ల సంఖ్యలో పై 16 బిట్లను బట్టి సమితిని గదులుగా విడదీస్తుంది. ఒక్కో గదిలో 65,536 సంఖ్యలకు చోటు. గదిలో 4,096 లోపు సంఖ్యలుంటే 2 బైట్ల చొప్పున జాబితా, దాటితే బిట్‌మ్యాప్. ఈ 4,096 ఊరికే పెట్టింది కాదు: 4,096 సంఖ్యలు రెండేసి బైట్లంటే 8,192 బైట్లు, 65,536 బిట్లన్నా 8,192 బైట్లే. సరిగ్గా అక్కడే రెండూ సమానం. వరసగా వచ్చే సంఖ్యలకు మూడో రూపం ఉంది. మొదలు, పొడవు కలిపి వరసకు 4 బైట్లు. గది మొత్తం నిండి ఉన్నా ఒక్క వరసతో సరిపోతుంది.

రెండు సమితులకు ఉమ్మడిగా ఉన్నవి తీయాలంటే రోరింగ్ ముందు గదుల నంబర్లు పోలుస్తుంది, ఒకవైపే ఉన్న గదిని తెరవను కూడా తెరవదు. గిట్ తన రీచబిలిటీ బిట్‌మ్యాప్‌లకు (ఒక కమిట్ నుంచి ఏ వస్తువులకు చేరొచ్చో చెప్పేవి) వాడే ఈవా అనే కుదింపు పద్ధతిలో ఇలా కుదరదు, మొదటి నుంచీ నడుచుకుంటూ రావాలి. పైగా రోరింగ్ ఫైలు రూపానికి ఉమ్మడి నిర్దేశం ఉంది. జావాలో రాసింది సీలోనో గోలోనో చదువుకోవచ్చు.

మరి అన్నిటికీ రోరింగే వాడొచ్చుగా? బిట్లు మారుతూ ఉండే ఫైలుకు నేను వద్దంటాను. జాబితా గదిలోకి ఒక సంఖ్య చేరితే ఆ గది పెరుగుతుంది, దాని వెనకాలి గదుల స్థానాలన్నీ మారతాయి. ఉన్నచోటే దిద్దే వీలు లేదు. కొత్త ఫైలు రాసి, ఎఫ్‌సింక్ చేసి, పాత పేరుకు రీనేమ్ చేసి, ఆ డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. రోజుకోసారి తయారై మళ్లీ ముట్టుకోని ఇండెక్సుకు ఇది భారమేమీ కాదు. రోజంతా మార్పులు వచ్చే చోట మాత్రం చిన్న లాగ్‌లో పోగుచేసి, అప్పుడప్పుడు కలిపి రాయాల్సి వస్తుంది. అంత యంత్రాంగం కట్టే ముందు ఒక్కసారి లెక్కేసుకోండి: సాదా బిట్‌మ్యాప్ 12.5 ఎంబీయే అయితే, ఆదా చేసేది ఏపాటి? సగం బిట్లు ఏ క్రమమూ లేకుండా 1గా ఉంటే అసలు ఏ కుదింపూ పనిచేయదు, రోరింగ్ కూడా దాదాపు అంతే చోటు తీసుకుంటుంది.

ఇక "ఈ బిట్ 1ఆ?" అని కాకుండా "వరసగా వెయ్యి ఖాళీలు ఎక్కడున్నాయి?" అని అడిగే పని వేరు. సాదా బిట్‌మ్యాప్ దీనికి నెమ్మదిగా జవాబిస్తుంది. అందుకే ఈఎక్స్‌టీ4 మెమరీలో అదనంగా బడ్డీ పటాలు (ఏ సైజు ఖాళీ ముక్కలు ఎక్కడున్నాయో చూపేవి) కట్టుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ బిట్‌మ్యాప్‌నే వదిలేసి, ప్రతి అలొకేషన్ గ్రూపులో (డిస్కులోని ఒక్కో భాగంలో) ఖాళీ వరసలను రెండు బీప్లస్ చెట్లలో (క్రమంలో పేర్చి త్వరగా వెతికే నిర్మాణాలు) పెట్టుకుంది: ఒకటి స్థానాన్ని బట్టి, ఇంకొకటి పొడవును బట్టి. ప్రతి మార్పుకూ రెండు చెట్లు దిద్దాలి, వాటిని జర్నల్ (ఫైల్ సిస్టమ్ మార్పుల లాగ్) కాపాడాలి. ఖాళీ వరసలు వెతకడం మీ ప్రోగ్రాం ప్రధాన పని అయితేనే అంత ఖర్చు పెట్టండి.