ఐదు నవలల ‘ఒరిజినల్’ సెట్ కొనకండి: చివరి పేజీలుండవు, హంతకుడి పేరు మాత్రం ఉచితం

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, వరసగా రాయలేకపోతే సర్దుకుని చదవండి. పాత పుస్తకాల ఫోటోలు రోజుకో కట్ట చొప్పున పెట్టి అమ్మే ఆ ఆన్‌లైన్ పేజీ మీకందరికీ తెలిసిందే. పేరు రాయను. రాస్తే తన పరువు పోయిందని నాకే నోటీసు పంపించే రకం. "లేడీ డిటెక్టివ్ నవలలు, పాతకాలం కథలు, ఐదింటి సెట్, వంద శాతం ఒరిజినల్, ఇంక రెండే సెట్లున్నాయి" అని పసుపు రంగు పోస్టు ఒకటి వేశాడు చూడండి, దాని గురించే ఈ గోలంతా. కొందామనుకున్నవాళ్లు ఆగండి. కొనేసినవాళ్లు చదవడం మొదలెట్టకముందే ఒక్కో పుస్తకం చివర తెరిచి చూసుకోండి. అన్నట్టు, నేనొకటి కొన్నాక కూడా అక్కడ రెండే సెట్లున్నాయి. అక్షయపాత్ర!

సెట్టు రూ.1,250, కొరియర్ రూ.120. డబ్బు ముందే యూపీఐలో కొట్టాలి, పార్శిల్ వచ్చాక ఇస్తామంటే కుదరదు. మా విజయనగరంలో షాపుకెళ్లి ఇలాంటి నవలలు అడిగితే గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ మెటీరియల్ ముందు పడేస్తారు. వాళ్లననేదేముంది, అమ్ముడయ్యేవి అవే. పుస్తకాల కోసం వైజాగ్ పోయి వెతికే తీరిక లేక, ఫోటోలో సెట్టు కళకళలాడుతుంటే వెనకా ముందూ చూడకుండా డబ్బు వేసేశాను. మా ఆయన అప్పుడే అన్నారు, "మరీ చవగ్గా లేదూ?" అని. వింటేగా!

ఈ నవలల రుచి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను, లేకపోతే ఎందుకింత ఏడుస్తున్నానో అర్థం కాదు. హంతకుణ్ణి పట్టుకోవడం ఒక్కటే అయితే టీవీ సీరియల్ చాలు. ఈ ఆడవాళ్లు పట్టుకోవాల్సింది వాళ్ల కాలం అడ్డుపడుతుండగా. కెర్రీ గ్రీన్‌వుడ్ రాసిన ఫ్రైనీ ఫిషర్ 1928 నాటి మెల్‌బోర్న్‌లో సొంత కారు తోలుకుంటూ, ఎవరి అనుమతీ అడగకుండా తిరిగే మనిషి. ఎలిజబెత్ పీటర్స్ రాసిన అమీలియా పీబాడీ తండ్రి ఆస్తి చేతికి రాగానే పెళ్లి సంబంధాలు చూసుకోకుండా ఈజిప్టు బయల్దేరుతుంది. పిరమిడ్ల దగ్గర గొడుగే ఆవిడ ఆయుధం. ఆ రచయిత్రి అసలు పేరు బార్బరా మెర్ట్జ్, ప్రాచీన ఈజిప్టు మీద డాక్టరేట్ చేసిన మనిషి, అందుకే ఆ తవ్వకాల వర్ణనలు గాల్లోంచి ఊడిపడినట్టు ఉండవు.

నాకు ప్రాణం మాత్రం సుజాతా మాస్సీ రాసిన పర్వీన్ మిస్త్రీ. 1921 బొంబాయి, పార్శీ అమ్మాయి, ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివొచ్చి తండ్రి ఆఫీసులో పని చేస్తుంటుంది. అప్పటికి ఆడవాళ్లు కోర్టులో నిలబడి వాదించే వీల్లేదు, ఆ దారి తెరిచిన చట్టం 1923లో గాని రాలేదు. అయినా మగ వకీళ్లెవరూ చేయలేని పని ఒకటి ఆమె చేయగలదు. పరదా దాటి లోపలికి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడగలదు. ఇదేదో కల్పన అనుకోకండి. కార్నీలియా సొరాబ్జీ అనే ఆవిడ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసింది. ఆడపిల్ల కదా, డిగ్రీ చేతికిచ్చింది ముప్పై ఏళ్ల తర్వాత! ఈలోగా 1904 నుంచి బెంగాల్‌లో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (మైనర్ల, ఆడవాళ్ల ఎస్టేట్లు చూసుకునే సర్కారు శాఖ) తరఫున ఘోషా స్త్రీల ఆస్తి గొడవలు చూసింది. మా ఊరివాళ్లకి ఇవి వింత కథలు కావు. మా విజయనగరం ఆనంద గజపతి మహారాజు 1897లో పోయాక గురజాడ వారు మహారాజు చెల్లెలు రీవా రాణిగారి దగ్గర కార్యదర్శిగా చేరారు. కోట గోడల పక్కనుంచి బస్సు ఎక్కి ఆఫీసుకి పోయేవాళ్లం, అంతఃపురంలో వారసత్వం గొడవ అంటే చెవులు నిక్కబొడుచుకోవా?

సరే, పార్శిల్ వచ్చింది. విప్పగానే కిరసనాయిలు వాసన. కాగితం ఎంత పల్చనంటే వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తున్నాయి. పుస్తకం వీపు మీద పేరు పక్కకి జారిపోయి సగం వెనక అట్ట మీదికెక్కింది. బార్‌కోడ్ మసకమసగ్గా ఉంది, ఫోన్ పెడితే గీతలు చదవనని మొండికేసింది. అమీలియా నవలలో కొన్ని పేజీల్లో సిరా అయిపోయినట్టు బూడిదరంగు అక్షరాలు. ఫ్రైనీ ఒక్కటే అసలు పుస్తకం, కాకపోతే లోపల ఏదో లైబ్రరీ ముద్ర ఉంది, దాని మీద పెన్నుతో గీకేశారు. అది ఎవరి బీరువాలోంచి వచ్చిందో నాకెందుకులే.

ఇంకో ఘనకార్యం వినండి. పర్వీన్ మొదటి నవల అమెరికాలో ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ అని 2018లో వచ్చింది. అదే నవల మన దేశంలో ‘మర్డర్’ అన్న మాట పెట్టి వేరే పేరుతో వేశారు. మా మహానుభావుడు రెండు అట్టలు వేసి రెండు వేర్వేరు నవలలుగా అమ్మాడు. ఐదింటి సెట్ అన్నది నిజానికి నాలుగే కథలు. మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి చూశాను, అక్షరం తేడా లేదు. అప్పుడే ఫోన్ చేసి దులిపేయాల్సింది. పోనీలే, మిగతావి చదువుకోవచ్చు కదా అని ఊరుకున్నాను. నా మెతకదనం.

చదవడం మొదలెట్టింది రెండోది, ‘ది సాతాపూర్ మూన్‌స్టోన్’. 1922లో సహ్యాద్రి కొండల్లో ఒక చిన్న సంస్థానం. రాజు లేడు, పెద్ద కొడుకూ లేడు, మిగిలింది చిన్న పిల్లాడు. వాడి చదువు గురించి ముసలి రాణికీ కోడలు రాణికీ పడదు. ఇద్దరూ ఘోషాలో ఉంటారు కాబట్టి ఇంగ్లీషు దొరలు పర్వీన్‌ని పంపిస్తారు. నేను చదివి రాత్రి అన్నాలయ్యాక మా అత్తగారికి తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడకి ఆ అత్తాకోడళ్ల తగువు తెగ నచ్చేసింది. సహజంగానే ముసలి రాణి పక్షం. "ఏటమ్మా, ఇయ్యాల ఆ రాణీలు ఏటి చేసినారు?" అని కంచాలు తీయకముందే అడిగేది. సీరియల్ కూడా మానేసింది, నమ్మండి.

కథ పాకాన పడింది. ఇంకాసేపట్లో ముడి విడిపోతుంది. పేజీ తిప్పాను. ఏదో తేడాగా ఉంది, వాక్యం అతకట్లేదు. ముందు నా నిద్రమత్తు అనుకున్నాను. పేజీ నంబరు చూస్తే మూడు వందలు దాటి ఉండాల్సింది కాస్తా పదుల్లోకి పడిపోయింది. మొదట్లో ఎప్పుడో చదివేసిన పేజీలు మళ్లీ వచ్చాయి. అవి అయిపోగానే వెనక అట్ట. అంతే! అక్కడితో సంస్థానం సమాప్తం.

ప్రెస్సు పని తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పుస్తకం ఒక్కో పేజీగా అచ్చవ్వదు. పెద్ద కాగితం మీద ఎనిమిదో పదహారో పేజీలు కలిపి వేసి మడతపెడతారు, దాన్ని ఫారం అంటారు. ఫారాలు వరసగా పేర్చి బైండింగ్ చేస్తారు. దొంగ ప్రెస్సులో పేర్చినవాడు చివరి ఫారాలు వదిలేసి మొదటి ఫారం ఇంకోసారి పెట్టాడు. మంచి ప్రెస్సులో కూడా ఎప్పుడో ఒకటి ఇలా జరగొచ్చు, కాదనను. అప్పుడు షాపువాడు మారుమాట లేకుండా వేరే కాపీ ఇస్తాడు.

మనవాడికి ఫోటోలు పెట్టాను, ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తి, "మేడమ్, ఆ రేటుకి అసలు పుస్తకం ఎవరిస్తారు?" అన్నాడు. మరి వంద శాతం ఒరిజినల్ అని రాశారు కదండీ అంటే, "కథ ఒరిజినలే కదా మేడమ్" అన్నాడు! నేను నోరు తెరిచేలోపు, "క్రైమ్ నవలలు చదివి మీకు అనుమానం ఎక్కువైపోయింది" అని నవ్వాడు కూడా. పేజీలు కావాలి, లేదా డబ్బు తిరిగి ఇవ్వండి అన్నాను. "సరే చూసి చెప్తా" అని పెట్టేశాడు. చూసి చెప్తా అంటే స్టాక్ చూసి చెప్తాడని అనుకుంటాం కదా ఎవరైనా!

మర్నాడు పొద్దున దోసెలు వేస్తున్నాను. వాట్సాప్‌లో రెండు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. చేతులు పిండి పిండిగా ఉన్నాయి, వేలి చివరతో మొదటిది నొక్కి ఫోన్ గట్టు మీద పెట్టాను. "మేడమ్, మీ ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది" అన్నాడు. రీప్లేస్‌మెంట్ పంపిస్తున్నాడు కాబోలు అని సంతోషించాను కూడా. ఒకటి అవగానే రెండోది దానంతటదే మొదలవుతుంది కదా, మొదలైంది. "నెట్‌లో చూశాను మేడమ్. చంపింది ఫలానా. ఎందుకంటే ఫలానా. ఇంక ఆ పేజీలతో పనేముంది?" నేను చెయ్యి తుడుచుకుని ఆపేలోపు పేరు చెప్పాడు, కారణం చెప్పాడు, ఎలా దొరికిపోతారో కూడా చెప్పేశాడు. ఇంత చక్కగా, తడబడకుండా, ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పాడంటే చూడండి, ఆ శ్రద్ధలో సగం పుస్తకం పంపేటప్పుడు పెట్టుంటే నేనీ పోస్టు రాసేదాన్నే కాదు.

మా అత్తగారు అక్కడే కొబ్బరి తురుముతోంది. తురమడం ఆపేసింది. "ఏటి, ఆ మనిషేనా?" అంది. ఇంకేం మాట్లాడలేదు. దోసె మాడిపోయింది. అదీ నా మీదే పడింది.

డబ్బు పోతే పోయింది. సినిమాకెళ్లి వస్తే అయిపోయే డబ్బే. నాకు కడుపు మండేది ఆ గొంతులో ధీమాకి. పోయింది నాలుగు కాగితాలు అనుకుంటున్నాడు. డిటెక్టివ్ నవలకి చివర లేకుండా చేసి, పైగా ఆ చివరని తన నోటితో అప్పజెప్పి, మేలు చేసినట్టు మాట్లాడతాడా! "థాంక్స్ చెప్పరా మేడమ్?" అని ఒక మెసేజ్ కూడా పెట్టాడు. పేజీ కింద కామెంట్ రాశాను, తీసేశాడు. రెండోసారి రాశాను, బ్లాక్ చేశాడు. సెట్ మాత్రం అమ్ముతూనే ఉన్నాడని మా చెల్లెలి ఫోన్లో చూశాను. ఈసారి పోస్టు ఆకుపచ్చ రంగు.

1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, నంబరు ఇచ్చారు, చూడాలి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే చోటే వేసుకోవచ్చు, రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇక దొంగ ప్రింటు సంగతి వేరే, కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. వాడికి ఈ ముక్క తెలిసుంటే ఫోన్లో అసలు పుస్తకం కాదని తనే ఒప్పుకునేవాడు కాదేమో. వాడి వాట్సాప్ మెసేజ్‌లన్నీ దాచాను, ఫోన్ మార్చినా పోకుండా మెయిల్‌లో కూడా పెట్టుకున్నాను.

కొనేవాళ్లకి: డబ్బు వేసేముందు కాపీరైట్ పేజీ, చివరి పేజీ వీడియో తీసి పంపమనండి. తీయనంటే వదిలేయండి. పార్శిల్ విప్పేటప్పుడు మీరూ వీడియో తీయండి. సిరీస్ అయితే ఒకే కథ రెండు పేర్లతో ఉందేమో ముందే చూసుకోండి. విసుగ్గా ఉంది, ఇంతకంటే చెప్పలేను.

విజయనగరంలో గాని శ్రీకాకుళంలో గాని ఎవరి దగ్గరైనా సాతాపూర్ అసలు పుస్తకం ఉంటే చెప్పండి. గంటస్తంభం దగ్గరికి రమ్మంటే వస్తాను, చదివి జాగ్రత్తగా ఇచ్చేస్తాను. హంతకుడు ఎవరో నాకు తెలిసిపోయినా పర్వీన్ ఎలా పట్టుకుందో రచయిత్రి మాటల్లో చదవాలి, అత్తగారికి చెప్పాలి. చదివినవాళ్లు దయచేసి కామెంట్లలో ఆ పేరు మాత్రం రాయకండి.