వినైల్ టైళ్ల కోత: కత్తి మేలా, మిషన్ మేలా?

పాత నాపబండల మీద వినైల్ వేసుకునేవాళ్లు ముందు రంగు అడుగుతారు, తర్వాత జిగురు అడుగుతారు. కోత సంగతి టైళ్లు ఇంటికొచ్చాక గానీ గుర్తుకు రాదు. అప్పుడు కర్నూలువాళ్లదైనా కడపవాళ్లదైనా ఒకటే ప్రశ్న: గోడవార ముక్కలు కత్తితో మనమే కోసుకోవాలా, బేల్దారి దగ్గరుండే కటింగ్ మిషన్‌తో కోయించాలా? కడప బండనే వెన్నలా కోసే మిషన్‌కు ఈ ప్లాస్టిక్ ముక్క ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ బండకు పనికొచ్చే ఆ వేగమే వినైల్‌ను కరిగిస్తుంది.

ముందు చేతిలో ఉన్న సరుకు మందం చూడండి. వెనక కాగితం ఊడదీసి అంటించేవి 1.5 నుంచి 2 మి.మీ. ఉంటాయి. జిగురు పూసి వేసే పలకలు 2 నుంచి 3 మి.మీ. ఒకదానికొకటి క్లిక్‌మని బిగిసే ఎస్‌పీసీ (రాతిపొడి కలిపిన గట్టి ప్లాస్టిక్) పలకలు 4 నుంచి 6 మి.మీ. మొదటి రెండింటికీ కత్తి తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. వాదన ఏదైనా ఉంటే మూడోదాని దగ్గరే.

నాకైతే ఈ తగవు తీర్చేది వేడి. వినైల్ అంటే పీవీసీ. సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. బేల్దారి కోతకు వాడే నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ చక్రం తగిలిన చోట పీవీసీ తెగదు, కరిగి పక్కకు జరిగి అంచు మీద పూసలా గడ్డకడుతుంది. ఆ పూస కింద ఉంటే టైలు నేలకు ఆనదు, పైన ఉంటే కాలికి గుచ్చుకుంటుంది. క్లిక్ పలకలో అయితే గాడిలోకి దిగి కూర్చుంటుంది, ఇక ఎంత కొట్టినా ఆ జోడు బిగియదు. పైగా కాలిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లు, గొంతు మండుతాయి. తలుపులు మూసిన గదిలో ఆ పని అసలు చేయకూడదు. ‘ఒక్క నిమిషంలో కోసేస్తా సార్’ అనే బేల్దారి తప్పేం లేదు. ఆయన చేయి తిరిగింది బండల మీద.

ఇంకో వేడి గదిది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, మిద్దె కింద పైఅంతస్తు గదిలో అంటించే టైలును చేతిలోకి తీసుకుంటే అప్పడంలా వాలుతుంది. దాని మీద కత్తి గీత పెట్టి వంచితే విరగదు, సాగుతుంది. వెనక జిగురు బ్లేడుకు పట్టుకుని రెండో గీత పక్కకు పోతుంది. అదే టైలు పొద్దున ఆరింటికి టక్కున విరుగుతుంది. అందుకే కోతపని ఎండ ముదరకముందే ముగించుకోవాలి. అట్టపెట్టెలను రెండు రోజుల ముందే తెచ్చి ఆ గదిలోనే బల్లపరుపుగా పడుకోబెట్టాలి. వరండాలో ఎండ తగిలేచోట ఉంచినవాటిని అప్పటికప్పుడు కొలిచి కోస్తే, రాత్రి చల్లబడ్డాక సన్నగా సందు కనబడుతుంది. దీనికి తలకిందులైన తప్పు ఇంకా చెడ్డది. డిసెంబరు పొద్దున గోడకు బిగుతుగా కోసి దూర్చిన ముక్క మే నెలకు పొంగి పైకి లేస్తుంది. సందును స్కర్టింగ్ దాచిపెడుతుంది, పొంగును ఏదీ దాచలేదు. క్లిక్ పలకలు నేలకు అంటుకోవు, గది మొత్తం ఒకే చాపలా కదులుతుంది. వాటికి గోడ చుట్టూ 6 నుంచి 10 మి.మీ. వదలాలి, ఆ కంపెనీ కాగితంలో ఎంత రాసి ఉంటే అంత. అంటించే టైలుకు ఒక మిల్లీమీటరు చాలు.

ఇక కత్తి. పెన్సిలు చెక్కుకునే 9 మి.మీ. కట్టర్ కాదు, అది వంగుతుంది. ముక్కలు ముక్కలుగా విరిచే 18 మి.మీ. బ్లేడు కావాలి. గీతకు దన్నుగా ప్లాస్టిక్ స్కేలు పెడితే బ్లేడు దాన్నే చెక్కుతుంది. కిటికీలు చేసే షాపులో అడిగితే అల్యూమినియం సెక్షన్ ముక్క ఇస్తారు, రెండడుగులది సరిపోతుంది. కింద ప్లైవుడ్ చెక్క వేసుకోవాలి. నాపబండ మీదే పెట్టి కోస్తే బ్లేడు మొన విరుగుతుంది, అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. స్కేలు పట్టుకునే చేతికి తొడుగు వేసుకోండి.

ముఖం పైకి పెట్టి, మొదటి గీత బలం లేకుండా లాగాలి. దాని పని దారి చూపడం మాత్రమే. రెండోసారి ఆ దారిలోనే బలంగా లాగితే 2 మి.మీ. టైలు సగం లోతు తెగుతుంది. అప్పుడు గీత విచ్చుకునేలా వెనక్కి వంచితే విరుగుతుంది. అంటించే రకమైతే వెనక కాగితం ఇంకా పట్టుకునే ఉంటుంది, దాన్ని వెనక నుంచి కోసేయాలి. కోత పూర్తయి, ముక్కను సందులో పెట్టి సరిచూసుకునేదాకా ఆ కాగితం ఊడదీయకండి. మొదటి గీతకే బలమంతా పెట్టేవాళ్లే ఎక్కువ, అక్కడే కత్తి స్కేలు దాటి పక్కకు జారుతుంది.

ఎస్‌పీసీ పలకకూ ఇదే పద్ధతి, కాకపోతే నాలుగు నుంచి ఆరు గీతలు పడతాయి. విరిచాక వెనక నురుగు పొర ఉంటే దాన్ని విడిగా కోయాలి. ఈ పలక గర్భంలో ఉండేది పీవీసీలో కలిపిన సున్నపురాయి పొడి. మన కడప బండ కూడా సున్నపురాయే కాబట్టి, బండ మీద వేసేదీ ఒకరకంగా బండే అనుకోవాలి. ఆ పొడి బ్లేడును తినేస్తుంది. ఎనిమిది, పది కోతలకోసారి మొన ముక్క విరిచేయండి. బ్లేడు మిగిలిందని మొద్దుదానితో నెట్టుకొస్తే అంచు పెచ్చులూడుతుంది.

కత్తికి ఒక బలహీనత ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. అంగుళం కన్నా సన్నని పీలిక విరవడానికి చేతికి పట్టు దొరకదు, మధ్యలో ఎక్కడో ముక్కలవుతుంది. దీనికి మందు మిషన్ కాదు, ముందే వేసుకునే లెక్క. గది వెడల్పు 3,070 మి.మీ., టైలు 305 మి.మీ. అనుకుందాం. ఒక గోడ నుంచి మొదలుపెడితే పది టైళ్లు 3,050 పోయి, చివర 20 మి.మీ. పీలిక మిగులుతుంది. అదే మధ్యన తొమ్మిది టైళ్లే వేస్తే 2,745, మిగిలిన 325 రెండు వైపులా పంచితే చెరో 162 చిల్లర. ఇప్పుడు రెండు గోడల దగ్గరా సగానికి పైగా టైలు వస్తుంది, కోతా సులువు, కంటికీ బాగుంటుంది.

గోడవార ముక్కకు టేపు కన్నా టైలే మంచి కొలత. కోయాల్సిన టైలును చివరి పూర్తి టైలు మీద అంచుకు అంచు పెట్టండి. దాని మీద మరో టైలు పెట్టి గోడవైపు జరపండి, వదలాల్సిన సందు మందం చెక్కముక్క మధ్యలో ఉంచి. పై టైలు అంచు వెంబడి కిందిదాని మీద గీత గీయండి. పై టైలు కప్పకుండా బయటకు కనబడే భాగమే మీ ముక్క. కోసిన అంచు గోడవైపు, కంపెనీ అంచు గదివైపు వస్తుంది. కోసిన అంచును ఎన్నడూ పక్క టైలుకు ఆనించవద్దు, ఆ గీత జీవితాంతం కనబడుతుంది. పాత రాతిగోడల ఇళ్లలో ఒకే గోడ ఈ మూల నుంచి ఆ మూలకు రెండు వేళ్లు తేడా రావడం మామూలే. అందుకని ఒక కొలత పట్టుకుని పది ముక్కలు ఒకేసారి కోసి పెట్టుకుంటే నాలుగు కూడా కూర్చోవు. ఏ ముక్కకు ఆ ముక్క కొలవాల్సిందే.

షాపులకు ఫ్లోరింగ్ వేసేవాళ్ల దగ్గర పెద్ద పిడి ఉన్న నొక్కుడు కట్టర్ ఉంటుంది. ఎస్‌పీసీ పలకను అడ్డంగా కోయడానికి అది కత్తి కన్నా మేలే: దుమ్ము లేదు, వేడి లేదు, ఒక్క నొక్కుడు. నాలుగైదు గదులుంటే అద్దెకు దొరికితే తెచ్చుకోండి. పలకను నిలువుగా చీల్చాలంటే మళ్లీ కత్తే దిక్కు. చీల్చేటప్పుడు ఏ వైపు గాడి ఉంచుకోవాలో చూసుకోండి. టైలు మీద టైలు పెట్టి గీసేటప్పుడు పలక దిశ మారకపోతే ఈ తప్పు జరగదు. వరస చివర అడ్డకోతకైతే పలకను ముఖం పైకే ఉంచి, ఇటు కొస అటు తిప్పి గోడకు పెట్టి గీయాలి. తిప్పకుండా గీస్తే గాడి ఉన్న కొస తెగిపోయి చెత్తలో పడుతుంది.

జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) కావాల్సింది ఎస్‌పీసీలో పైపు రంధ్రానికీ, లోపలి మూలకూ. సన్నపళ్ల బ్లేడు, తక్కువ వేగం, పలక ముఖం కిందికి. రేకుల కత్తెర పల్చటి టైళ్లకు పనికొస్తుంది, వంపులకు మాత్రమే. తిన్నటి గీతకు పనికిరాదు. రోల్‌గా వచ్చే వినైల్‌కు మామూలు కత్తెర చాలు.

మిగిలింది వాకిలి. కొత్త ఇళ్లలో ద్వారబంధం అడుగున కాస్త రంపంతో కోసి టైలును కిందికి దూరుస్తారు. పసుపు పూసే పాత టేకు గడపకు రంపం పెడతామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, ఊరుకోకపోవడమే మంచిది. అక్కడ టైలు ద్వారబంధం మీది చెక్కడపు వంపుల చుట్టూ నడవాలి. టైళ్లు వచ్చిన అట్టపెట్టెలోంచే ఒక ముక్క తీసి, కొంచెం కొంచెం కత్తిరిస్తూ ద్వారబంధానికి సరిగ్గా ఆనేదాకా సరిచేయండి. ఆ అట్టను టైలు మీద పెట్టి గీయండి. వేడి మనకు పనికొచ్చేది ఇక్కడొక్కచోటే. తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో గీత వెంబడి అర నిమిషం కాచితే పల్చటి టైలు తోలులా మెత్తబడుతుంది, కత్తి వంపు తిరుగుతుంది. ఒకేసారి కాకుండా రెండేసి సెంటీమీటర్లు కోస్తూ పోవాలి. చల్లారాకే అమర్చండి, వెచ్చగా ఉన్నప్పుడు నొక్కితే సాగి ఆకారం మారుతుంది. ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే గడప రంగుకు దగ్గరగా ఉన్న సందులు పూడ్చే యాక్రిలిక్ సీలెంట్ సన్నగా పట్టించి, తడి వేలితో ఒకసారి తుడిస్తే సరిపోతుంది.