బూర్దెల్ మ్యూజియం, పారిస్: కంచు తర్వాత, ముందు ప్లాస్టర్

మోంపర్నాస్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు, తాత్కాలిక ప్రదర్శనలకే డబ్బులు. సోమవారం సెలవు.

ఫ్రెంచ్ శిల్పి ఆంట్వాన్ బూర్దెల్ (1861–1929) పని చేసింది ఈ ఆవరణలోనే. ప్రసిద్ధ శిల్పి రోడాన్ దగ్గర 1893 నుంచి 1908 దాకా సహాయకుడిగా ఉన్నాడు. వచ్చినవాళ్లు చాలామంది తోటలోని కంచు బొమ్మల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అసలు సరుకు లోపల, శతజయంతికని 1961లో కట్టిన పెద్ద హాల్లో ఉంది. బ్యూనస్ ఐరిస్‌లో ఆయన చేసిన, అర్జెంటీనా సేనాని జనరల్ అల్వేఆర్ స్మారకం ఎత్తైన పీఠం మీద ఉంటుంది, కింద నిలబడితే మెడ నొప్పి తప్ప వివరం అందదు. ఇక్కడ, కంచు పోయకముందు చేసిన దాని ప్లాస్టర్ గుర్రం పక్కనే నిలబడొచ్చు. చుట్టూ బలం, విజయం, స్వేచ్ఛ, వాగ్ధాటి అనే నాలుగు బొమ్మలు.

ప్లాస్టర్ ఎందుకంటే, పని జాడ అందులోనే మిగులుతుంది. అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గట్టు లేస్తుంది. కంచు పోశాక దాన్ని గీకి, పాలిష్ పెట్టి మాయం చేస్తారు. ఒక చిక్కుంది: తెల్లటి వస్తువు మీద వెలుతురు సూటిగా పడితే నీడలు చచ్చి, లోతులన్నీ చదునుగా కనిపిస్తాయి. పక్కవాటు వెలుతురు దొరికే చోటికి జరిగి చూడాలి.

గ్రీకు పురాణ వీరుడి బొమ్మ ‘విలుకాడు హెరాక్లెస్’ (1909) వింటికి నారి లేదు! బిగువంతా రాతికి తన్నిపెట్టిన కాలులోనూ, వెనక్కి లాగిన చేతిలోనూ ఉంది. ఎదురుగా నిలబడితే సగం బొమ్మ పోతుంది. పక్కనుంచి మొదలుపెట్టి చుట్టూ తిరగండి.

షాంజెలిజే థియేటర్ ముఖభాగానికి చేసిన ఫలకాల నమూనాలు తొందరపడకుండా చూడాల్సినవి. ‘నాట్యం’లో నర్తకి ఇసడోరా డంకన్, నర్తకుడు నిజిన్‌స్కీ పోలికలున్న ఇద్దరూ మెడలు వంచేసి ఉంటారు. చట్రం దాటి బొమ్మ బయటికి పోకూడదన్నది బూర్దెల్ పట్టుదల. తర్వాత మెట్రోలో ఆల్మా-మార్సో దిగి, మోంటెయిన్ అవెన్యూలో అదే ఫలకం పాలరాతిలో గోడ మీద చూస్తే ఆ వంపు ఎందుకో తెలిసిపోతుంది.

గురువుగా ఆయన 1909 నుంచి పాఠాలు చెప్పిన కళా పాఠశాల గ్రాండ్ షోమియేర్ కూడా మోంపర్నాస్‌లోనే. శిల్పి జకోమెట్టి 1922లో అక్కడే చేరాడు. శిష్యుడి సన్నటి బొమ్మలు తెలిసినవాళ్లు ఈ బరువైన హాల్లోంచి బయటికొచ్చాక అటు నడిస్తే బావుంటుంది.