ఫరహాబాద్ సఫారీ: పులి కోసం కాదు, అడవి కోసం పోవాలె

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటినంక ఫరహాబాద్ గేటు వస్తుంది. అటవీశాఖ జీపు ఇక్కడినుంచే వ్యూపాయింట్ దాకా తీసుకుపోతుంది. ఈ అడవి ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. గంటో రెండు గంటలో తిరిగి పులిని చూడాలనుకుంటే నిరాశే. దుప్పులు, నెమళ్లు మాత్రం కనిపిస్తయి.

పొద్దున మొదటి జీపే మేలు. ఎండెక్కితే జంతువులు నీడకు చేరతయి, లోయ మీద మసక కమ్ముతుంది. ఆకు రాలే మార్చి, ఏప్రిల్‌లో జంతువులు బాగా కనబడతయి గానీ అడవి ఎండిపోయి ఉంటుంది. పచ్చదనం కావాలంటే అక్టోబర్, నవంబర్. వానకాలంలో సఫారీ ఆపేస్తరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చెంచు గైడు దొరికితే అదృష్టం. అడుగుజాడ చూసి ఏ జంతువో చెప్తరు. జీపు కుదుపులకు నడుం నొప్పి ఉన్నోళ్లు ముందు సీటు అడగాలె. పెట్రోలు అచ్చంపేటలోనే పోయించుకోండి, అడవిలో సిగ్నల్ కూడా సరిగ్గ ఉండదు. మల్లెలతీర్థం జలపాతం కూడా కలుపుకుంటే మెట్లు దిగి ఎక్కడానికే చాలా సమయం పడుతుంది. ఎండకాలం నీళ్లుండవు, అప్పుడు దండగ. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి రోడ్డు మూసేస్తరు.